తన్నులాటలేనంటున్నారు, ఈ ఒక్క సంచిక తిరగేసి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సూపర్‌హీరోల మీద వేసిన వ్యాసం చదివాను. రాసినాయన ఎవరో నాకు తెలీదు, బాగా చదువుకున్నవారే అయ్యుంటారు, కానీ ఆయన చూసినవన్నీ సినిమాలేనని రెండో పేరాకే తెలిసిపోయింది. బిగుతు బట్టలు వేసుకుని ఎగిరేవాళ్ళు, బిల్డింగులు కూలగొట్టేవాళ్ళు, చివర్లో పెద్ద తన్నులాట, ఇంతకుమించి ఈ కథల్లో ఏమీ లేదు, పిల్లల్ని దూరంగా ఉంచండి అని తేల్చేశారు. అలా తేల్చేముందు పాత కామిక్ పుస్తకం ఒక్కటైనా తిరగేసి ఉంటే బాగుండేది. చదివాక నచ్చలేదంటే నాకే గొడవా లేదు, ఎవరి ఇష్టం వారిది. చదవకుండా కొట్టిపారేశారు చూడండి, అందుకే ఈ ఉత్తరం.

నేను శ్రీకాకుళంలో సైన్‌బోర్డులు రాసి బతికినవాణ్ణి. ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ఒకప్పటి బట్టల కొట్ల బోర్డులు, మందుల షాపుల బోర్డులు చాలావరకు నా చేతి రాతే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పడిపోయింది, ఇప్పుడు స్కూలు గోడల మీద బొమ్మలు వేయడం, ఎన్నికలొస్తే గోడరాతలు, అంతే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే నేను కామిక్ చూసే పద్ధతి మీ వ్యాసకర్త పద్ధతి కాదు. కథ సంగతి తర్వాత, ముందు గీత చూస్తాను, అక్షరం చూస్తాను, ఖాళీ జాగా ఎక్కడ వదిలాడో చూస్తాను. అలా చూసి చెప్తున్నాను, నేను చెప్పబోయే సంచికలో అసలు పోరాటం ఏ విలన్‌తోనూ కాదు. ఒక ఇనుప యంత్రంతో. అది కదలదు, మాట్లాడదు, కోపం కూడా లేదు దానికి.

ఆ సంచిక పేరు చెప్తాను, కావాలంటే వెతుక్కోండి. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్, 33వ సంచిక. అట్ట మీద తేదీ ఫిబ్రవరి 1966, వెల 12 సెంట్లు. మాటలు రాసింది స్టాన్ లీ, బొమ్మలు స్టీవ్ డిట్కో. అప్పటికే కథ అల్లిక కూడా డిట్కోదేనని పుస్తకంలోనే వేస్తున్నారు, ఆ సంగతికి మళ్ళీ వస్తాను. నా దగ్గరున్నది అసలు కాపీ కాదు లెండి, అంత స్తోమత నాకెక్కడిది. హైదరాబాద్‌లో పనిచేసే మా మేనల్లుడు పాత సంచికలన్నీ కలిపి మళ్ళీ అచ్చేసిన పుస్తకం ఒకటి కొనుక్కున్నాడు, సంక్రాంతికి వచ్చినప్పుడు నా దగ్గర వదిలి వెళ్ళాడు. మా ఆవిడ చూసి "ఏటండీ ఇది, మనవలు చదివే వయసులో మీరు బొమ్మల పుస్తకాలు పట్టుకున్నారు" అంది. ఇంటికొచ్చిన పాలవాడు కూడా నవ్వాడు. నవ్వనివ్వండి.

కథ కొంచెం ముందు నుంచి చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. ఇది మూడు సంచికల కథ, 31లో మొదలై 33లో ముగుస్తుంది. స్పైడర్‌మ్యాన్ ముసుగు వెనకున్న పీటర్ పార్కర్ అప్పుడే కాలేజీలో చేరాడు. తల్లిదండ్రులు లేని కుర్రాడు, పెంచిన పెద్దనాన్న బెన్ పోయాడు, అదీ వీడు చేతులు కట్టుకుని చూస్తూ వదిలేసిన ఒక దొంగ చేతిలోనే, ఆ సంగతి సినిమాలు చూసినవాళ్ళందరికీ తెలుసు. ఇక మిగిలింది మే పెద్దమ్మ ఒక్కతే. ఆమె ఉన్నట్టుండి పడిపోతుంది, ఆసుపత్రిలో చేరుస్తారు. కాలేజీలో కొత్తగా పరిచయమైనవాళ్ళు పలకరిస్తుంటే వీడికి వినపడదు, మనసంతా ఆసుపత్రి మంచం దగ్గరుంది. వాళ్ళేమో పొగరుబోతు అనుకుంటారు. ఆ కొత్తవాళ్ళలోనే గ్వెన్ స్టేసీ, హ్యారీ ఆస్బోర్న్ కూడా ఉన్నారు, 31వ సంచికలోనే వాళ్ళిద్దరూ మొదటిసారి కనిపిస్తారు. తర్వాత కాలంలో ఒకరు ప్రేమించిన పిల్ల అయింది, ఒకరు ప్రాణ స్నేహితుడయ్యాడు, కానీ మొదటి రోజు ఇద్దరికీ వీడంటే పడలేదు. ఇంట్లో ఎవరికైనా బాగాలేనప్పుడు మనం బయట ఎలా ఉంటామో, ఎదుటివాళ్ళు మనల్ని ఏమనుకుంటారో ఇంత సూటిగా చూపించినవాళ్ళు తక్కువ.

పెద్దమ్మ జబ్బు ఏమిటంటే రక్తంలో రేడియో ధార్మికత. అదెలా వచ్చింది? అంతకుముందెప్పుడో, పదో సంచికలో, ఆమెకి రక్తం కావాల్సి వస్తే పీటరే ఇచ్చాడు. రేడియో ధార్మిక సాలీడు కుట్టిన రక్తం. బతికించడానికి ఇచ్చిందే ఇప్పుడు విషమై కూర్చుంది. ఆమెకిది తెలీదు, డాక్టర్లకి తెలీదు, వీడొక్కడికే తెలుసు, ఎవరికీ చెప్పుకోలేడు. మీ వ్యాసకర్త ఈ ఒక్క ముడి చూసినా ఆ మాట రాసేవారు కాదనుకుంటాను. ఇందులో తన్నులాట ఎక్కడుంది?

డాక్టర్ కానర్స్ అని ఒంటిచేతి శాస్త్రవేత్త ఉంటాడు, ఒకప్పుడు బల్లి మనిషిగా మారి వీడితోనే తలపడ్డవాడు, ఇప్పుడు సాయం చేస్తాడు. ఐఎస్ఓ-36 అనే మందు దూరాన్నుంచి తెప్పించాలి. దానికయ్యే డబ్బు కోసం పీటర్ తన సైన్సు సామాను కూడా వదులుకుంటాడు. తీరా ఆ మందుని ఒక ముఠా దారిలో కొట్టేస్తుంది. ముఠా నాయకుడు డాక్టర్ ఆక్టోపస్ అని 32లో బయటపడుతుంది, వాడి స్థావరం నీళ్ళ అడుగున. అక్కడికి పోయి కొట్లాడితే పైనున్న యంత్రాలు కూలి వీడి మీద పడతాయి, మందు డబ్బా పక్కకి దొర్లిపోతుంది. 32 అక్కడ ఆపేశాడు. చదివే పిల్లలు నెల రోజులు ఎలా ఆగారో మరి.

33 తెరవగానే మొదటి పేజీ మొత్తం ఒకటే బొమ్మ. పైన కొండంత ఇనుము, కింద మనిషి, కొంచెం ఎడంగా నేల మీద మందు డబ్బా. పైకప్పు నుంచి నీళ్ళు కారుతున్నాయి. అంతే. ఇక్కడి నుంచి ఐదో పేజీ దాకా కథలో జరిగేది ఒకే ఒక్క పని, వీడు ఆ బరువుని ఎత్తడానికి ప్రయత్నించడం. ఐదు పేజీలు! మొత్తం కథే 20 పేజీలు. అందులో నాలుగో వంతు తీసుకెళ్ళి కదలని యంత్రం కింద కదలని మనిషికి ఇచ్చాడు. ఇవాళ ఏ సినిమా వాడైనా ఇస్తాడా? పాట పెట్టి అర నిమిషంలో తేల్చేస్తాడు.

నేను ఆ పేజీలు ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. చూసిన ప్రతిసారీ ఒకటే అడుగుతాను, బరువు ఎలా గీశాడు ఈయన? బరువు గీయడం కష్టమండీ. లారీ బొమ్మ వేయొచ్చు, ఏనుగు బొమ్మ వేయొచ్చు, అవి బరువైనవని చూసేవాడికి ముందే తెలుసు కాబట్టి మనం కష్టపడక్కర్లేదు. ఇక్కడున్నది ఎవరూ ఎప్పుడూ చూడని యంత్రం, దాని బరువెంతో ఎవరికీ తెలీదు. అది మనిషి ఒంట్లోనే కనపడాలి. పైగా ఆ మనిషికి మొహం లేదు! తలంతా ముసుగు, నోరు కనపడదు, కనుబొమ్మ కనపడదు, కళ్ళ దగ్గర రెండు తెల్ల ముక్కలు. మామూలు ఆర్టిస్టు అయితే పళ్ళు బిగించిన మొహం వేసి గట్టెక్కేస్తాడు, మేము సినిమా బ్యానర్లు వేసిన రోజుల్లో అదే చేశాం. డిట్కోకి ఆ దారి లేదు. అందుకని మెడ వాల్చాడు, వీపు వంచాడు, వేళ్ళు విడదీశాడు. డిట్కో చేతులు అని ఆ రంగంలో వాళ్ళు ప్రత్యేకంగా చెప్పుకుంటారు, ఊరికే కాదు. మా వైపు అమ్మవారి పండగలకి పులివేషం కట్టినవాడు కూడా ఇంతే, రంగు పూసిన మొహం ఎటూ పలకదు, నడుముతోనూ భుజాలతోనూ పలికించాలి.

గళ్ళ సంగతి చూడండి, అంటే ఒక్కో బొమ్మ చుట్టూ గీసే చట్రాలు. ఒక పేజీలో ఎన్ని గళ్ళు, ఏది ఎంత సైజు అన్నది కామిక్‌లో సగం పని. ఇతను ముందు మనిషిని చిన్న గళ్ళలో ఇరికిస్తాడు, గడి గోడ కూడా వాడి మీద పడ్డట్టే ఉంటుంది. వీడు ఒకసారి ప్రయత్నిస్తాడు, కాదు. తల వాలిపోతుంది. పెద్దమ్మ, పెద్దనాన్న మొహాలు గుర్తొస్తాయి, ఒకరి విషయంలో తప్పిపోయాను, ఇంకొకరి విషయంలో కూడానా అనుకుంటాడు. మళ్ళీ ప్రయత్నం. పోనుపోను గళ్ళు పెద్దవవుతుంటాయి, బరువు జరుగుతున్నకొద్దీ వాడికి చోటు దొరుకుతున్నట్టు. చివరికి ఐదో పేజీ మొత్తం ఒకే బొమ్మ, యంత్రం పైకి లేచింది, మనిషి కింద నిలబడ్డాడు, చుట్టూ నీళ్ళు. మొదటి పేజీలోనూ ఒకటే బొమ్మ, ఐదో పేజీలోనూ ఒకటే బొమ్మ. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మనిషి, ఒకే ఇనుము, మధ్యలో జరిగిందంతా గళ్ళ సైజులో ఉంది. నేను గోడ మీద బొమ్మ పెద్దది చేయడానికి గళ్ళు గీసుకునేవాణ్ణి, అవి పని అయ్యాక చెరిపేసే గళ్ళు. గళ్ళనే కథ చెప్పడానికి వాడుకోవచ్చని ఎవరూ చెప్పలేదు మాకు.

ఇక్కడ నాకున్న పెద్ద ఫిర్యాదు కూడా చెప్పాలి. మాటలు ఎక్కువ. స్టాన్ లీ గొప్పవాడే, కానీ బొమ్మ ఏం చెప్తోందో దాన్నే మళ్ళీ మాటల బుడగలో రాస్తాడు. బరువు మోస్తున్నవాడు బరువుగా ఉందని చెప్తాడు, నీళ్ళు వస్తుంటే నీళ్ళు వస్తున్నాయంటాడు, ఊపిరి ఆడనివాడు అంతంత పొడుగు వాక్యాలు ఎలా ఆలోచిస్తాడు? అప్పటి పద్ధతి అదే అనుకోండి. వాళ్ళు పనిచేసే తీరులో ముందు బొమ్మలన్నీ గీసేవారు, ఆ తర్వాత మాటలు రాసేవారు, అంటే లీ చేతికి వచ్చేసరికే ఆ ఐదు పేజీలు పూర్తయిపోయి ఉన్నాయి. నేను ఒక తెల్లకాగితం ముక్క పెట్టి బుడగలు మూసి చూశాను. ఒక్క ముక్క పోలేదు. కొన్ని మాటలు మాత్రం ఉండాలి, ముఖ్యంగా పెద్దనాన్న సంగతి వచ్చేచోట, అవి లేకపోతే ఆ ఎత్తడానికి అర్థం తగ్గిపోతుంది. సగం కొట్టేసి ఉంటే ఇంకా గొప్పగా ఉండేదని నా అభిప్రాయం. కానీ ఆ అక్షరాలు రాసిన చెయ్యి మాత్రం భలే చెయ్యి, కంప్యూటర్ ఫాంటు కాదు, బ్రష్షూ పెన్నూ పట్టి వరసగా, ఎక్కడా జారకుండా రాసిన అక్షరం. ఆ పని చేసినవాడికే తెలుస్తుంది దాని విలువ.

బలం గురించి మా వైపువాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగిన కోడి రామమూర్తి నాయుడు గారు గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్నారు, ఇనుప గొలుసులు తెంపారు, సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా ప్రదర్శనలిచ్చారు. కలియుగ భీముడన్నారు జనం. ఊళ్ళో స్టేడియం ఆయన పేరు మీదే ఉంది, పొద్దున్నే నడకకి వెళ్ళేది అక్కడికే. ఆయన బలం వేల మంది చూసిన బలం, టిక్కెట్టు కొని చూసిన బలం, ఏనుగు దిగగానే చప్పట్లు. పీటర్ ఎత్తినప్పుడు చూసినవాళ్ళు లేరు. విలన్ కూడా లేడు, పారిపోయాడు. రేపు పేపర్లో రాదు, కాలేజీలో వాళ్ళు పొగరుబోతు అని అనుకుంటూనే ఉంటారు, పెద్దమ్మకి కూడా ఎప్పటికీ తెలీదు. నా మటుకు నాకు ఈ రెండు బలాలూ గొప్పవే, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ అననుగానీ, సూపర్‌హీరో కథ అంటే జనం ముందు చేసే గారడీ అని రాశారు కదా మీ వ్యాసంలో, అందుకని చెప్తున్నా.

ఇంకో విషయం, ఇది చెప్పొచ్చో చెప్పకూడదో అని కొంచెం ఆలోచించాను. ఆ పుస్తకం తెచ్చిన మేనల్లుడు మా పెద్దక్క కొడుకు. అక్కని ఇచ్చింది ఉద్దానంలో, కవిటి వైపు. మీ పాఠకులకి చెప్పక్కర్లేదు, కొబ్బరి తోటలు, జీడి తోటలు, ఇంటికొకరు కిడ్నీ జబ్బు మనిషి. ఎందుకొస్తోందో ఇన్నేళ్ళయినా గట్టిగా తేలలేదు. అక్కకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒకప్పుడు విశాఖ దాకా పోవాల్సి వచ్చేది, ఇప్పుడు పలాసలో పెద్ద ఆసుపత్రి వచ్చింది కాబట్టి కొంత నయం. వాడు సెలవు పెట్టుకుని వచ్చినప్పుడల్లా మంచం పక్కన కూర్చుంటాడు, కూర్చుని చేసేదేముంది, చదువుకుంటాడు. అలా చదివాడు ఈ సంచిక. నాకిస్తూ "మావయ్యా, ఆక్టోపస్‌ని ఎవడు పట్టించుకుంటాడు, మందు టైముకి అందుతుందా లేదా అన్నదే టెన్షన్" అన్నాడు. నేను రాసిన ఈ పొడుగు సమీక్షంతా ఆ ఒక్క ముక్కలో ఉంది, నిజం చెప్పాలంటే.

న్యూయార్క్‌లో కూర్చుని గీసినవాళ్ళకి కవిటి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. కానీ రక్తంలో విషం, ఖరీదైన మందు, వదులుకున్న సామాను, ఆసుపత్రి వరండాలో ఎదురుచూపు, ఈ నాలుగూ కలిస్తే అది ఏ దేశం కథో ఎవరూ అడగరు మా వైపు. పైకప్పు లేచిపోయి నీళ్ళు మీదకి రావడం కూడా మాకు కొత్త కాదు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఆ తోటలన్నీ నేలకొరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు కూడా డయాలసిస్ ఆగకూడదు. ఎవరు ఎవర్ని ఎలా మోసుకెళ్ళారో అవి కథలు కావు, అందుకని ఎక్కడా అచ్చు కాలేదు.

మిగతా సంచిక సంగతి త్వరగా చెప్పేస్తాను. బరువు ఎత్తాక అయిపోలేదు, నీళ్ళు ముంచెత్తుతాయి, బయటపడే దారిలో ముఠావాళ్ళు కాచుకుని ఉంటారు. ఇక్కడ తన్నులాట ఉంది, ఒప్పుకుంటాను, కానీ ఎలాంటి తన్నులాట? ఒళ్ళు హూనమైపోయి, నిలబడలేనివాడు తూలుతూ కొట్టే దెబ్బలు. అందులో స్టైలు లేదు. అక్కడి నుంచి కానర్స్ దగ్గరికి, ఆసుపత్రికి, మందు ఇచ్చాక మళ్ళీ ఎదురుచూపు. ఆ గ్యాపులో వీడు డెయిలీ బ్యూగుల్ పత్రికాఫీసుకి పోయి ముఠా ఫోటోలు అమ్ముతాడు, పిసినారి జేమ్సన్ దగ్గర ఈసారి గట్టిగా బేరమాడతాడు. ఆసుపత్రి బిల్లున్నవాడు మొహమాటపడడు కదా, ఆ సీను నాకు చాలా నచ్చింది. మీరు కూడా పత్రికాఫీసువాళ్ళే కాబట్టి ఫోటోలు తెచ్చే కుర్రాళ్ళకి ఎంతిస్తున్నారో నేనడగను.

నచ్చనివి రెండు. ఒకటి డాక్టర్ ఆక్టోపస్. ముందు సంచికలో ఎవరో తెలీని నాయకుడని అంత ఊరించి, తీరా అసలు సంచికకి వచ్చేసరికి వాడికి పనే లేదు. నాలుగు ఇనుప చేతులున్న విలన్‌ని తెచ్చి గోడకి ఆనించి వదిలేసినట్టుంది. డిట్కో కావాలనే అలా చేశాడని వాదించొచ్చు, పోరాటం విలన్‌తో కాదు కాబట్టి, నేను కూడా పైన అదే అన్నాను, అయినా డబ్బులిచ్చి కొన్న పిల్లవాడికి కొంచెం లోటే. రెండోది బెట్టీ బ్రాంట్, జేమ్సన్ దగ్గర సెక్రటరీ, పీటర్ ఇష్టపడ్డ అమ్మాయి. గాయాలతో ఉన్న పీటర్ని చూసి, చనిపోయిన తోడబుట్టినవాడు గుర్తొచ్చి, భయపడి వెళ్ళిపోతుంది. ఆ అమ్మాయి భయంలో న్యాయం ఉంది, కానీ ఆమెకి ఇచ్చిన జాగా చూస్తే ఏడవడానికి తప్ప వేరే పనికి పెట్టలేదనిపిస్తుంది. 1960ల కామిక్స్‌లో ఆడవాళ్ళంతా దాదాపు ఇంతే, మే పెద్దమ్మతో సహా. ఆమెకి మంచం, మందు తప్ప ఈ మూడు సంచికల్లో ఇంకేముంది?

ఇక ఎవరు చేశారన్న గొడవ. స్టాన్ లీ మొహం ప్రపంచానికంతటికీ తెలుసు, సినిమాల్లో కనిపించేవాడు, నవ్వు మొహం. డిట్కో ఫోటో చూసినవాళ్ళు తక్కువ. తర్వాత తర్వాత ఇంటర్వ్యూలు ఇవ్వనన్నాడు, ఇవ్వలేదు. నా పని చూసుకోండి, నన్ను చూసేదేముంది అన్న రకం. ఈ సంచిక తర్వాత కొద్ది నెలలకే, 38వ సంచికతో, 1966లోనే ఆ పుస్తకం వదిలి వెళ్ళిపోయాడు. ఇద్దరూ 2018లోనే పోయారు, కొద్ది నెలల తేడాతో. మనకి ఇలాంటాయన ఒకరున్నారు కదండీ, మా శ్రీకాకుళంలోనే 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య గారు, వపా. చందమామ అట్టల మీద ఆయన బొమ్మ చూడని ఇల్లు లేదు ఆ రోజుల్లో, ఆయన మాత్రం కశింకోటలో తన మానాన తను బొమ్మలు వేసుకుంటూ ఉండిపోయారు. జనంలోకి రావడం ఇష్టపడేవారు కాదు. రంగుల్లో ఇద్దరికీ పోలికే లేదు, వపా రంగులు కలలో లాంటివి, డిట్కోవి చవక న్యూస్‌ప్రింటు మీద నాలుగు రంగుల చుక్కలు. కానీ పని వెనకాల దాక్కునే స్వభావం ఒకటే. మాలాంటి చిన్న ఆర్టిస్టులకి అలాంటివాళ్ళే దేవుళ్ళు.

ధరల గురించి కూడా మీ వ్యాసంలో ఒక మాట ఉంది, పాత కామిక్స్‌ని కోట్లు పోసి కొంటున్నారు, పిచ్చి అని. నిజమే, స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన 1962 నాటి అమేజింగ్ ఫాంటసీ 15వ సంచిక కాపీ ఒకటి 2021లో 36 లక్షల డాలర్లకి పోయింది. అది ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి పెట్టుకునే వ్యాపారం, దాన్ని తెరిచి చదవడు కొన్నవాడు. చదవని పుస్తకానికి కోట్లు పెట్టినవాడూ, చదవని పుస్తకాన్ని తిట్టినవాడూ నాకు ఒకేలా కనిపిస్తారు, క్షమించండి. నేను చూసింది మళ్ళీ అచ్చేసిన కాపీ, మంచి కాగితం, రంగు కొంచెం ఎక్కువైంది, పాత న్యూస్‌ప్రింటులో ఉండే మసక లేదు. అయినా గీత గీతే. 2017లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ హోమ్‌కమింగ్ సినిమాలో శిథిలాల కింద పడ్డ పీటర్ లేచే సీను ఈ సంచిక నుంచి తెచ్చుకున్నదే. మీ వ్యాసం పక్కన వేసిన ఫోటో కూడా ఆ సినిమాదే! చూసి నవ్వొచ్చింది నాకు.

చివరికి నేనడిగేది పెద్దదేం కాదు. ఆదివారం అనుబంధంలో పుస్తకాల పేజీ ఉంది, నవలలకీ కవిత్వానికీ ఇస్తున్నారు, సంతోషం. నెలకొకసారి అందులో అర పేజీ బొమ్మల కథలకి ఇవ్వండి, పాతవి, కొత్తవి, మనవి, బయటివి. కారా మాస్టారు పెట్టిన కథానిలయం ఉన్న ఊరు మాది, తెలుగు కథలు ఎక్కడెక్కడివో తెచ్చి దాచిపెట్టారు ఇక్కడ, కథకి విలువివ్వడం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. బొమ్మలతో చెప్పిన కథకి కూడా అంత ఓపికగా సమీక్ష రాయగలిగేవాళ్ళు మన కుర్రాళ్ళలో చాలామంది ఉన్నారు, అడిగేవాళ్ళు లేక ఊరుకున్నారు. కావాలంటే మా మేనల్లుణ్ణి అడగండి, వాడు నా కంటే బాగా రాస్తాడు. ఇంకో మాట, అలాంటి పేజీ మొదలుపెడితే దయచేసి బొమ్మలు పోస్టేజి స్టాంపు సైజులో వేయకండి.

ఉత్తరం పొడుగైంది, మీ జాగాకి సరిపోదని తెలుసు. కత్తిరించేటప్పుడు డాక్టర్ ఆక్టోపస్ మీద, స్టాన్ లీ మీద నేనన్నవి తీసేసినా బాధపడను, ధరల పేరా కూడా తీసేయండి. ఉద్దానం పేరా మాత్రం ఉంచండి, అక్క చదివించుకుంటానంది. ఆ వ్యాసకర్త గారికి నా తరఫున చెప్పండి, పుస్తకం నా దగ్గరే ఉంది, మేనల్లుడు మళ్ళీ వచ్చేలోపు ఎప్పుడైనా శ్రీకాకుళం వస్తే ఇంటికి రమ్మనండి, కూర్చుని చదువుకోవచ్చు, పట్టుకెళ్ళడానికి మాత్రం ఇవ్వను.

ఇట్లు,
పాత సైన్‌బోర్డు ఆర్టిస్టు ఒకడు,
శ్రీకాకుళం